ఆగిన చోట్లు

చెల్లెలు పోయాక బావ నాకు ఫోన్ చేయడం మానేశాడు. నేనూ చేయలేదు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఉన్నది ఒకే విషయం. అది ఇద్దరికీ గొంతు దాటి రాదు. వానలు వెలిసేదాకా అలాగే గడిచింది.

ఒకరోజు మధ్యాహ్నం, నేను పాఠాలు చెప్పే బడిలో భోజనాల వేళ, బావ ఫోన్ చేశాడు.

"బావా, ఆదివారం వినడం ఉంది. తన రికార్డు. నువ్వు రావాలి."

"వస్తాను."

"తన కుర్చీలో నువ్వే కూర్చోవాలి. ఇంకెవరూ కూర్చోకూడదని అందరం అనుకున్నాం."

నా జవాబు కోసం చూడకుండా ఫోన్ పెట్టేశాడు.

మా ఇద్దరికీ పిలుపు ఒక్కటే. నా చెల్లెలి మొగుడు కనుక అతను నాకు బావ, అతని పెళ్ళానికి అన్నను కనుక నేను అతనికి బావ. కొత్తలో మేము ఎదురుపడ్డప్పుడల్లా ఒకేసారి "బావా" అనుకునేవాళ్ళం. చెల్లెలు తల పట్టుకుని, "ఇంట్లో ఇద్దరు బావలున్నారు, ఒక్కడికీ బల్బు మార్చడం రాదు" అనేది.

బావది చిన్న రికార్డు కంపెనీ. కంపెనీ అంటే సైకిల్ షాపు మీద ఒక గది. శబ్దం బయటికి పోకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, కిటికీకి అడ్డంగా పాత పరుపు. కింద షాపులో చక్రాలకు గాలి పడుతుంటే పైన నేల కొద్దిగా అదిరేది. అక్కడ తయారయ్యే సంగీతాన్ని మొదటిసారి విన్నవాళ్ళు మరమ్మత్తు ఏదో జరుగుతోందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. బావ ఫిడేలు వాయిస్తాడు, కానీ రాగం ఉండదు. ఫ్యూజు అని ఒకతను పాత రేడియోలనూ టేబుల్ ఫ్యాన్లనూ తీగలతో కలిపి గుయ్యిమనిపిస్తాడు. ఎక్కడ వాయించినా అక్కడ కరెంటు పోతుంది, అందుకని ఆ పేరు. రికార్డింగు చూసేదీ అతనే. రేకులమ్మ తగరపు రేకులను ఫిడేలు కమానుతో రుద్దుతుంది. పగలు పళ్ళ డాక్టరు దగ్గర పని. "రెండు చోట్లా నన్ను చూస్తే జనం మొహం ఒకేలా పెడతారు" అని తన మీద తనే జోకు వేసుకుంటుంది.

చెల్లెలిది కాళ్ళతో తొక్కే హార్మోనియం. మూలపడి ఉన్నదాన్ని ఎక్కడో సంపాదించింది. సగం మెట్లు మోగవు. మోగేవాటిలో ఒకటి రెండింటిని పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయేది. ఏమిటిది అని అడిగితే, "నువ్వు పిల్లలచేత ఎక్కాలు చెప్పించవూ? ఒకటే ఎక్కం. వినగా వినగా ఏదో ఒకరోజు అందులో కొత్త అంకె వినిపిస్తుంది" అంది. నాకు వినిపించలేదు. కానీ ఆమె వాయిస్తుండగా పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకోవడం నాకు అలవాటైంది. ఆ రోజుల్లో మార్కులు ఉదారంగా వేశానని పిల్లలు చెప్పుకునేవారు.

ఇక వినడం. అది చెల్లెలు పెట్టిన పద్ధతి. ఒక రికార్డు అచ్చుకు వెళ్ళే ముందు అందులో చెయ్యి ఉన్న ప్రతివారూ ఆ గదిలో కూర్చుని, కళ్ళు మూసుకుని, మొదటి నుంచి చివరిదాకా వినాలి. మధ్యలో నోరు మెదపకూడదు. అయ్యాక ఒక్కొక్కరూ సరేనో వద్దో చెప్పాలి. ఒక్కరు వద్దన్నా అది బయటికి రాదు. ఎందుకు వద్దో చెప్పనక్కర్లేదు. రికార్డు అట్ట మీద ఒకరి పేరు ఉందంటే వారు విన్నారు, ఒప్పుకున్నారు అని అర్థం. ఇలాంటి సంగీతం వినేవాళ్ళు తక్కువే అయినా వాళ్ళలో ఈ సంగతి తెలియనివారు లేరు. కంపెనీకి ఉన్న పరువంతా అదే.

ఒకసారి బావ రికార్డునే చెల్లెలు ఆపేసింది. "ఇందులో నువ్వు ఎవర్నీ వినలేదు, నీ సొద నువ్వు చెప్పుకున్నావు" అంది. బావ మూతి ముడుచుకుని వారం రోజులు నా ఇంట్లో పడుకున్నాడు. కానీ ఆ రికార్డు వేయలేదు. పద్ధతి పద్ధతే అన్నాడు. అప్పుడు అతని మీద నాకు గౌరవం కలిగింది.

చెల్లెలికి వచ్చింది నరాల జబ్బు. ముందు కాళ్ళలో పట్టు పోయింది. వాళ్ళ ఇల్లు పై అంతస్తులో కావడంతో, కింది అంతస్తులోనే ఉన్న నా ఇంటికి తీసుకొచ్చాం. హార్మోనియమూ వచ్చింది. కొన్నాళ్ళు దాన్ని చూస్తూ ఊరుకుంది. ఒక ఉదయం నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే పిలిచింది.

"అన్నయ్యా, గాలి కొడతావా?"

"నాకేం వచ్చని?"

"ఏమీ రాదు కాబట్టే అడుగుతున్నా. మీ బావనడిగితే గాలి కూడా తన సొంత ధోరణిలో కొడతాడు."

ఆ రోజు బడికి సెలవు పెట్టాను. ఫ్యూజు వచ్చి మైకులు అమర్చాడు. నేను హార్మోనియం కింద నేల మీద కూర్చుని, ఆమె కాళ్ళు తొక్కవలసిన పలకలను నా చేతులతో నొక్కాను. ఆమె కుడి పాదాన్ని నా ముంజేతి మీద పెట్టుకుంది. బొటనవేలు కదిపితే ఆపాలి. మళ్ళీ కదిపితే మొదలుపెట్టాలి. ఆ వేలు కదపడమే ఆమెకు పెద్ద పని.

ఆపగానే తిత్తిలో మిగిలిన గాలితో స్వరం కాసేపు సాగి, కిందికి జారి, పోయేది. తరువాత ఏమీ ఉండేది కాదు. ఆమె ఊపిరి, పక్కింటి కుళాయి, నా చేతిమీద పాదం బరువు. ఒక్కో ఖాళీ ఎంతసేపు ఉంటుందో తెలిసేది కాదు. మొదటిసారి నిద్రపోయిందేమో అనుకుని నా అంతట నేనే నొక్కేశాను.

పైనుంచి గొంతు వినిపించింది. "ఏం మాస్టారూ, గంట కొట్టకుండానే క్లాసు మొదలెట్టేశారు?"

ఫ్యూజు నవ్వాపుకోలేక గదిలోంచి బయటికి వెళ్ళాడు. మళ్ళీ మొదటి నుంచి చేశాం.

సాయంత్రం బావ వచ్చి హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని అంతా విన్నాడు. తీసేసి ఆమె వైపు తిరిగాడు.

"ఈ ఖాళీలు ఇంతింత ఉండాలా?" అన్నాడు.

"ఉండాలి. నీకు ఖాళీ కనిపిస్తే చాలు, కుర్చీ వేసుకుని కూర్చుంటావు. వీటిలో దూరావంటే ఊరుకోను."

"నీ ఖాళీల జోలికి నేను రానులే, తల్లీ."

"ఒట్టు?"

"ఒట్టు."

బావ ఆమె పాదాలు ఒళ్ళోకి తీసుకుని పట్టాడు. నేను అక్కడే ఉన్నాను. ఫ్యూజు తీగలు చుట్టుకుంటున్నాడు.

"అన్నయ్య పేరు కూడా అట్ట మీద వెయ్యాలి" అంది చెల్లెలు.

"ఏమని వేస్తాం?"

"గాలి అని."

"చూసినవాళ్ళు పొగడ్త అనుకోరు బావా" అన్నాడు నాతో. ముగ్గురం నవ్వాం. ఆమె నవ్వుతో కలిసి నేను నవ్వడం అదే చివరిసారి. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఇంకాస్త గట్టిగా నవ్వేవాడినేమో.

ఆదివారం సైకిల్ షాపు మూసి ఉంది. మెట్లెక్కి వెళ్ళేసరికి ముగ్గురూ ఉన్నారు. రేకులమ్మ లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కిటికీ దగ్గర చేతులు లేని చెక్క కుర్చీ చెల్లెలిది. దాని మీద ఎవరో కొత్త దిండు వేశారు. కూర్చున్నాను. బావ నా వైపు చూడకుండానే మీట నొక్కాడు.

కళ్ళు మూసుకున్నాను. పలకల కిర్రు ముందు వచ్చింది, అది నేను. దాని మీద ఆమె స్వరం నెమ్మదిగా నిలబడింది. ఇన్ని నెలల తరువాత ఆమె గదిలోకి వచ్చినట్టే అనిపించింది. స్వరం సాగి, జారి, పోయింది. మొదటి ఖాళీ వచ్చింది. ఒళ్ళో ఉన్న నా చెయ్యి పాదం బరువు కోసం చూసింది.

ఫిడేలు వినిపించింది.

మెల్లగా, ఎక్కడో పక్క గదిలోంచి వస్తున్నట్టు వచ్చింది. ఆమె స్వరం ఆగిన చోటే అందుకుని, మళ్ళీ ఆమె మొదలుపెట్టే దాకా మోసుకెళ్ళి అప్పగించింది. బాగా వాయించాడు. అది చెప్పకపోతే అబద్ధం అవుతుంది. రెండో ఖాళీలో రేకు మోగింది. మూడో దానిలో రేడియోల గుయ్యిమనే చప్పుడు. ఆ తరువాతి వాటిలో ముగ్గురూ కలిశారు. ఆమె ఊపిరి ఎక్కడా లేదు. పక్కింటి కుళాయి లేదు.

నేను కళ్ళు తెరిచాను. అది పద్ధతి కాదు, అయినా తెరిచాను. ఆ ముగ్గురిలో ఎవరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు. రేకు మోగడానికి ఒక క్షణం ముందే రేకులమ్మ వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. వాళ్ళు దీన్ని ఎన్నోసార్లు విన్నారు. ఈ రోజు వినడం నాకోసం పెట్టింది.

చివరి స్వరం కూడా ఒంటరిగా పోలేదు. ఫిడేలు దాన్ని సాగనంపింది.

"నాకు సరే" అన్నాడు ఫ్యూజు, తల ఎత్తకుండా.

"సరే" అంది రేకులమ్మ.

"నాకూ సరే" అన్నాడు బావ. అందరూ నా వైపు తిరిగారు.

"వద్దు" అన్నాను.

బావ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"బావా, ఇప్పుడే కదా విన్నావు. ఇంటికెళ్ళి ఆలోచించు."

"ఆలోచించనక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు వెయ్యి. అప్పుడు సరే అంటాను."

"ఉన్నది ఉన్నట్టు ఎవరు వింటారు? సగం సేపు ఏమీ వినపడదు."

"అది నీకు ముందే తెలుసు. ఒట్టు పెట్టుకున్నది నువ్వు."

"అప్పుడు తను ఉంది." అన్నాడతను. "ఉన్నప్పుడు ఖాళీ ఖాళీలాగే ఉంటుంది. నేను ఇది రోజూ విన్నాను బావా. ఆగినప్పుడల్లా మళ్ళీ మొదలుపెట్టదేమో అనిపిస్తుంది. ప్రతిసారీ. నాకు తెలుసు పెడుతుందని, అయినా. ఒకరోజు తట్టుకోలేక ఫిడేలు తీశాను. తనతో కలిసి వాయించడానికి ఇంకే దారుంది నాకు?"

అతను ఏడుస్తున్నాడు. నాకు అతని మీద జాలి కలిగింది. ఆ జాలితోనే చెప్పాను. "నువ్వు వాయించుకో. ఇంట్లో రోజూ వాయించుకో. బయటికి మాత్రం వద్దు."

"అందరం సరే అన్నాం."

"ఒక్కరు వద్దన్నా ఆగుతుంది. అది మీ పద్ధతే."

బావ మొహం తుడుచుకున్నాడు. ఈసారి మాట్లాడినప్పుడు గొంతు మామూలుగా ఉంది.

"అది వాయించినవాళ్ళకు, మాస్టారూ. గాలి కొట్టడం వాయించడం కాదు."

ఇన్నేళ్ళలో అతను నన్ను మాస్టారూ అని పిలవడం అదే మొదలు.

నేను ఫ్యూజు వైపు చూశాను. ఆ రోజు నా ఇంట్లో ఉన్నది అతనే. ఒట్టు విన్నదీ అతనే. అతను మీటల పెట్టె మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

"మరి ఈ కుర్చీలో నన్నెందుకు కూర్చోబెట్టారు?" అని అడిగాను.

"గౌరవానికి" అన్నాడు బావ.

లేచి దిండు సర్ది బయటికి నడిచాను. రేకులమ్మ నా వెనకే మెట్లు దిగి వచ్చింది.

"మాస్టారుగారూ, కోపగించుకోకండి. ఆయన ఫిడేలు వాయించుకొచ్చి మా ముందు పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నువ్వు కూడా ఒక రేకు వెయ్యి అన్నాడు. ఏడ్చే మనిషికి వద్దని ఎలా చెప్తాం?"

"ఆ రోజు నాకు ఒక ఫోన్ చేసి ఉండొచ్చు కదమ్మా."

ఆమె మెట్టు మీదే ఆగింది.

"చేస్తే మీరు వద్దంటారు" అంది.

అబద్ధం చెప్పనందుకు ఆమెకు నమస్కారం పెట్టి వచ్చేశాను.

తరువాత రోజుల్లో నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. బడిలో పాఠాలు చెప్పాను. ఇంట్లో హార్మోనియం మీద దుప్పటి కప్పి ఉంది, తీయలేదు. రికార్డు వస్తుందని తెలుసు. దాన్ని చూడకుండా ఉండవచ్చులే అనుకున్నాను. నాకు సంబంధం లేదని వాళ్ళే అన్నారు కనుక, ఆ మాటలోనే కొంచెం నీడ దొరికినట్టుండేది.

ఒకరోజు డ్రాయింగు మాస్టారు స్టాఫ్ రూములోకి నల్లటి అట్ట ఒకటి ఊపుకుంటూ వచ్చాడు. ఇలాంటివి వినే కొద్దిమందిలో ఆయన ఒకరు.

"దొంగండీ మీరు! ఇందులో ఉండి ఒక్క ముక్క చెప్పలేదు!"

అట్ట వెనక చెల్లెలి పేరు ఉంది. దాని కింద, మిగిలిన ముగ్గురి పేర్లకంటే పైన, 'గాలి' అని రాసి నా పేరు ఉంది.

"నిజం చెప్పనా?" అన్నాడాయన కుర్చీ లాక్కుంటూ. "ముందు కొనకూడదనుకున్నాను. ఆవిడ పోయాక వచ్చింది కదా, ఎవరు ఏం కెలికారో అని అనుమానం. తిప్పి చూస్తే మీ పేరు. సొంత అన్నగారు విని సరే అన్నాక ఇంకేం కావాలి? ధైర్యంగా తెచ్చుకున్నాను. అయినా ఆ ఫిడేలు చోట్లు... ఆవిడే దగ్గరుండి చెప్పి పెట్టించినట్టు లేవూ?"

నాకు తరగతి ఉందని చెప్పి బయటికి వచ్చాను. తరగతి లేదు. సైకిళ్ళు నిలిపే చోట నిలబడి బావకు ఫోన్ చేశాను.

"నా పేరు తీసెయ్యి."

"అచ్చయిపోయింది బావా." మళ్ళీ బావా అన్నాడు.

"గాలి కొట్టడం వాయించడం కాదన్నావు."

"ఏదో ఆ వేడిలో అన్నాను. పేరు వెయ్యమని తనే కదా అంది? నీ ముందే అంది. తన మాట కాదని తీసెయ్యమంటావా?"

చెల్లెలు ఆ రోజు రెండు మాటలు అంది: ఖాళీల జోలికి రావద్దంది, నా పేరు వెయ్యమంది. రెండోది బావకు పనికొచ్చింది, నిలబెట్టాడు. ఆ మాట నేను అనేలోపే అతను ఇంకో సంగతి ఎత్తుకున్నాడు.

"శనివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో దీన్ని వాయిస్తున్నాం. నువ్వు వచ్చి తన గురించి నాలుగు మాటలు చెప్పు. నీకంటే బాగా ఎవరు చెప్తారు?"

"వస్తాను" అన్నాను. ఈసారి ఎందుకు వెళుతున్నానో నాకు తెలుసు. నా పేరు చూసి నమ్మినవాళ్ళంతా ఒకచోట కూర్చుని ఉంటారు. వాళ్ళకు నేను ఒప్పుకోలేదన్న ఒక్క మాట చెప్పాలి. అంతకుమించి బావను నిందించే ఉద్దేశం లేదు. తిట్టు లేకుండా, కన్నీళ్ళు లేకుండా ఎలా చెప్పాలో దారిలో మనసులో కూర్చుకున్నాను. పిల్లలకు కష్టమైన పాఠం చెప్పే ముందు అలాగే చేస్తాను.

హాలు మేడమీద ఉంది. పుస్తకాల బీరువాలు గోడలకు జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నేను అనుకున్నదానికంటే ఎక్కువమందే వచ్చారు. వేదిక మీద ఫిడేలు, రేకులు, ఫ్యూజు సరంజామా ఉన్నాయి. మధ్యలో హార్మోనియం చోటు ఖాళీగా వదిలారు. ఆమె భాగం స్పీకర్లలోంచి వస్తుందట. డ్రాయింగు మాస్టారు నాకు చెయ్యి ఊపాడు.

బావ మైకు దగ్గరికి వెళ్ళి, "గాలి కొట్టిన అన్నయ్య" అని నన్ను పరిచయం చేశాడు. చప్పట్లు కొట్టారు. నేను మైకు ముందు నిలబడ్డాను.

"ఈ అట్ట మీద నా పేరు ఉంది" అన్నాను. "పేరు ఉంటే దానర్థం ఏమిటో మీ అందరికీ తెలుసు. ఆ పద్ధతి పెట్టింది నా చెల్లెలు. ఆమె వాయిస్తూ వాయిస్తూ ఆగేది. ఆగినప్పుడు..."

అక్కడ ఆగిపోయాను. 'ఆగినప్పుడు' అన్న మాట తరువాత చెప్పవలసింది నా దగ్గర సిద్ధంగా ఉంది. బయటికి రాలేదు. మైకు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఒక్క క్షణం చాలనుకున్నాను.

మామూలు సభ అయితే ఎవరో దగ్గుతారు, నీళ్ళు తెచ్చి ఇస్తారు. ఇక్కడ ముందు వరుసలో ఒకాయన కళ్ళు మూసుకున్నాడు. అతని పక్కనామె మూసుకుంది. తరువాత వెనక వరుసల్లో ఒకరి తరువాత ఒకరు తలలు కొద్దిగా వంచి కళ్ళు మూసుకున్నారు. నేను మాట్లాడలేకపోతున్నానని వాళ్ళు అనుకోలేదు. కార్యక్రమం మొదలైందనుకున్నారు.

నా వెనక కమాను తీగను తాకింది.

మెల్లగా, పక్క గదిలోంచి వస్తున్నట్టు వచ్చింది. నేను ఆగిన చోట అందుకుంది. తిరిగి చూశాను. బావ కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు, చెంపలు తడిగా ఉన్నాయి. ఫ్యూజు మీట తిప్పాడు. రేకులమ్మ మాత్రం కమాను ఒళ్ళో పెట్టుకుని నా వైపే చూస్తోంది. రేకు ముట్టుకోలేదు. లేచి రానూ లేదు.

"నేను ఒప్పుకోలేదు" అన్నాను మైకులో.

గొంతు వచ్చింది. మాట స్పష్టంగానే వచ్చింది. ఫిడేలు దానికి చోటిచ్చి కాస్త తగ్గి, మళ్ళీ దాని చుట్టూ అల్లుకుంది.

"నేను దీనికి ఒప్పుకోలేదు" అన్నాను ఇంకోసారి, పిల్లలకు చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి.

డ్రాయింగు మాస్టారు కళ్ళు మూసుకునే తల ఊపాడు. సంగీతం బాగున్నప్పుడు ఊపే తీరు అది.

మైకును దాని స్టాండుకు తగిలించి వేదిక దిగాను. తలుపు హాలుకు అవతలి కొసన ఉంది. కుర్చీలు దగ్గర దగ్గరగా వేశారు. ముందు వరుసలో ఆయన కళ్ళు తెరవకుండానే మోకాళ్ళు పక్కకు జరిపి నాకు దారి ఇచ్చాడు.